మిర్చి అమ్మాలా, ఏసీలో పెట్టాలా: బస్తా కదలక ముందే తేల్చుకునే పద్ధతి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఎనుమాముల యార్డుకు సరుకు తెచ్చిన ప్రతి రైతు తలలో తిరిగే ప్రశ్న ఒక్కటే. ఇవాళ్టి ధరకు ఇచ్చేద్దామా, కోల్డ్ స్టోరేజీలో, అంటే ఏసీలో, పెట్టి ఆగుదామా? నెలల తరబడి నీళ్లు కట్టి, మందులు కొట్టి, కూలీలతో ఏరించి, కల్లంలో ఆరబోసిన పంట అది. దాని మీద ఆఖరి నిర్ణయం మాత్రం చాలాసార్లు కాంటా పక్కన నిలబడి పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాల్లో మనసు ఏయే దారుల్లో తప్పుతుందో మనస్తత్వ శాస్త్రంలో యాభై ఏళ్లకు పైగా పరీక్షలు పెట్టి చూశారు. ఎక్కడ తప్పుతుందో తెలుసు కాబట్టి అక్కడ ముందే కట్ట వేసుకోవచ్చు. కావాల్సినవి ఒక నోటుబుక్కు, ఒక ఫోను, ఇంట్లో రెండు గంటల తీరిక.

ఎండాకాలం దాటాక ధర ఎంత ఉంటుందో ఈ పద్ధతి చెప్పదు. ఆగడం మీకు గిట్టుతుందా లేదా అన్నది మాత్రం తేలుస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ కూర్చోవాలి

యార్డులో వద్దు. బస్తాలు బండెక్కక ముందు, కనీసం రెండు రోజులు ముందుగా, ఇంట్లో కూర్చోండి. రాత్రంతా బస్తాల దగ్గర కావలి ఉండి, పొద్దున చాయ్ మీద నడుస్తూ, మధ్యాహ్నం ఎండలో తేల్చే లెక్క ఒకటి. తిని, పడుకుని లేచి, లెక్కకు కూర్చుంటే వచ్చే లెక్క వేరొకటి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత అయి పైసలు చేతికొచ్చాక మరోసారి ఒకే రకం బుద్ధి పరీక్షలు పెట్టారు. 2013లో ఆ ఫలితం అచ్చయింది. అవే మనుషులు, కానీ పైసలకు కటకటగా ఉన్నప్పుడు తక్కువ తెచ్చుకున్నారు. వాళ్ల తెలివి ఎక్కడికీ పోలేదు. అప్పు గుబులు తలలో సగం చోటు ఆక్రమించుకుంది, అంతే. మీకు కూడా గుబులు ఎక్కువయ్యేది అప్పిచ్చినాయన ఫోన్ చేసిన రోజే. ఆ రోజు నిర్ణయం జోలికి పోకండి. మర్నాటికి వాయిదా వేస్తే మిర్చికి ఏమీ కాదు.

నోటుబుక్కు మొదటి పేజీలో ప్రశ్నను రాయండి. 'అమ్మాలా వద్దా' అని రాస్తే మీకు రెండే దారులు కనిపిస్తాయి. నిజానికి కనీసం నాలుగున్నాయి. మొత్తం ఇప్పుడే అమ్మడం, మొత్తం పెట్టడం, కొంత అమ్మి కొంత పెట్టడం, గోదాం రసీదు మీద అప్పు తెచ్చుకుని మిత్తి భారం తగ్గించుకుని ఆగడం. నాలుగోది మీ ఊరి వాళ్లకు ఈ ఏడాది ఏ షరతుల మీద దొరుకుతుందో మార్కెట్ కార్యాలయంలో, బ్యాంకులో ముందే అడిగి రాసుకోండి. కాగితం మీద లేని దారి, యార్డులో నిలబడినప్పుడు మనసుకు తట్టదు.

ఆగడానికి అయ్యే ఖర్చు: గీటు ధర

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. చాలామంది వదిలేసేది కూడా ఇదే. 'పద్నాలుగు ఉన్నది పదహారు అయితే రెండు వేలు లాభం' అనుకుంటారు. కాదు. ఒక ఊహా లెక్క చేద్దాం. మీ అసలు అంకెలు మీ రసీదుల నుంచి తీసుకోండి.

ఇవాళ మీ కాయకు క్వింటాలుకు 14,000 వస్తుందనుకుందాం. ఆరు నెలలు ఆగుతారు. మీకు నూటికి రెండు రూపాయల మిత్తి అప్పు ఉంది. అమ్మితే ఆ 14,000 అప్పులో కట్టేవారు. కట్టలేదు కాబట్టి నెలకు 280, ఆరు నెలలకు 1,680 మిత్తి పెరుగుతుంది. 40 కిలోల బస్తాకు కోల్డ్ స్టోరేజీ కిరాయి 200 అనుకుంటే క్వింటాలుకు రెండున్నర బస్తాలు, అంటే 500. అదనపు హమాలీ, బండి కిరాయి 120. మొత్తం కలిపితే 16,300. ఇక తరుగు: లోపల ఉన్న సరుకు నూటికి రెండు కిలోలు తగ్గిందనుకుంటే, ఆ 16,300 ఇప్పుడు 98 కిలోల మీదే రావాలి. 16,300ను 0.98తో భాగిస్తే సుమారు 16,630. దీన్ని గీటు ధర అందాం. ధర 14,000 నుంచి 16,630కి ఎక్కితే మీరు ఇవాళ ఉన్న చోటనే ఉన్నట్టు. దాని మీద వచ్చే ప్రతి రూపాయే లాభం. అంటే ధర దాదాపు 19 శాతం పెరిగేదాకా మీరు ఆగినందుకు కూలి కూడా రాలేదు.

ఇదే లెక్క అంత మిత్తి అప్పు లేని మనిషికి వేరుగా వస్తుంది. బంగారం మీద ముప్పావలా మిత్తికి తెచ్చుకున్న మనిషికి ఆరు నెలల మిత్తి 630 మాత్రమే. అతని గీటు ధర సుమారు 15,560, పదకొండు శాతం పెరిగితే చాలు. ఒకే ఊరు, ఒకే కాయ, ఒకే రోజు, కానీ ఇద్దరికీ సరైన జవాబు వేరు కావచ్చు. పక్కింటాయన పెట్టిండని మీరు పెట్టడం ఎందుకు కుదరదో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఇక్కడ సాధారణంగా జరిగే తప్పులు మూడు. తరుగు మరిచిపోవడం ఒకటి. ఇంటి అవసరానికి వాడుకున్న చేబదులును అప్పుగా లెక్కపెట్టకపోవడం రెండోది. కాయను పూర్తిగా ఆరకుండా పెట్టడం మూడోది: తేమ 10–11 శాతానికి దిగని కాయకు లోపల బూజు పడుతుంది, అప్పుడు తరుగు రెండు శాతంతో ఆగదు.

గడిచిన ఏళ్లను లెక్కపెట్టడం

ఇప్పుడు ప్రశ్న స్పష్టమైంది: ఆరు నెలల్లో ధర 19 శాతం పెరగడం ఎంత తరచుగా జరుగుతుంది? ఇది మనసును అడిగితే మనసు లెక్కపెట్టదు, గుర్తు తెచ్చుకుంటుంది. సులభంగా గుర్తొచ్చినదాన్నే తరచుగా జరిగేదిగా నమ్ముతుంది. ఏమస్ ట్వెర్‌స్కీ, డానియెల్ కానెమన్ అనే మనస్తత్వవేత్తలు 1973లో ఈ అలవాటును వివరంగా చూపించారు. మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ 2021–22 పంట. నల్ల తామర పురుగు తోటలను మాడ్చేసింది, సరుకు తగ్గింది, ధర ఎగబాకింది. ఆ ఏడాది దాచుకున్నవాళ్ల కథ ఇప్పటికీ ప్రతి చాయ్ హోటల్లో వినిపిస్తుంది. ధర కదలకుండా పడి ఉన్న ఏళ్ల గురించి చెప్పడానికి కథ ఏముంటుంది? అందుకే అవి ఎవరికీ గుర్తుండవు.

విరుగుడు సులభం. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల వారీగా, రోజుల వారీగా పాత ధరలు ఉంటాయి. వరంగల్, మీ రకం ఎంచుకోండి. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర అని మూడు అంకెలు కనిపిస్తాయి. ఎక్కువ సరుకు పోయిన ధర మోడల్ ధర. దాన్నే తీసుకోండి. గడిచిన ఏడేళ్లకు ఒక్కో వరుస గీసి, మార్చి రెండో వారం ధర ఒక గడిలో, సెప్టెంబర్ రెండో వారం ధర పక్క గడిలో రాయండి. మూడో గడిలో ఎంత శాతం పెరిగింది, తగ్గింది. చేయడం రాకపోతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలకు ఇవ్వండి, అరగంట పని.

తర్వాత ఆ వరుసల్లో మీ గీటు శాతాన్ని దాటిన ఏళ్లు ఎన్నో లెక్కపెట్టండి. ఏడింట రెండే దాటితే, మీ మొదటి అంచనా నూటికి ముప్పై దగ్గర మొదలవ్వాలి. ఈ ఏడాదికి ప్రత్యేకంగా తెలిసిన సంగతులు ఏమైనా ఉంటే, అంటే గుంటూరు, ఖమ్మం వైపు సాగు తగ్గిందా, కోల్డ్ స్టోరేజీల్లో పోయిన ఏటి సరుకు ఎంత మిగిలింది, తేజ రకం మిర్చికి చైనా గిరాకీ ఎట్లా ఉంది, వాటిని బట్టి ఆ ముప్పైని కాస్త అటూ ఇటూ జరపండి. నలభైకి తీసుకెళ్లొచ్చు, ఇరవైకి దించొచ్చు. ఒక్క వార్త విని తొంభైకి ఎగరకూడదు. ముందు ఏళ్ల లెక్క, ఆ మీదటే ఈ ఏటి కబురు. ఈ వరుస తిరగబడితే లెక్క మొత్తం చెడుతుంది.

ఆ ఏడు వరుసల్లో ధర అన్నిటికంటే ఎక్కువగా పడిన ఏడాది ఏదో చూసి దాని చుట్టూ సున్నా చుట్టండి. అలాంటి ఏడాది మళ్లీ వస్తే మీ ఇల్లు తట్టుకోగలదా అని విడిగా అడుక్కోవాలి. సగటు బాగున్నా, ఆ ఒక్క దెబ్బకు పొలం తాకట్టు పడేటట్టుంటే సగటుతో పని లేదు.

జెండా పాట చెవిన పడక ముందు

యార్డులో పొద్దున మంచి లాటు దగ్గర పాట పాడి ఆ రోజు పై ధర తేలుస్తారు. ఆ జెండా పాట నిమిషాల్లో ఫోన్లలో ఊరూరా తిరుగుతుంది. ఆ అంకె చెవిన పడ్డాక మీ కాయకు వచ్చే ప్రతి ధరా దానితో పోల్చుకునే వింటారు. ఆ అంకె మీ కాయది కాదని తెలిసినా సరే.

1974లో అచ్చయిన ఒక పరీక్షలో కానెమన్, ట్వెర్‌స్కీ ఒక చక్రం తిప్పించారు. అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేట్టు ముందే అమర్చి ఉంది. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ జవాబు 25, 65 చూసినవాళ్లది 45. చక్రానికి, ఆఫ్రికాకు సంబంధం లేదని వాళ్లందరికీ తెలుసు. అయినా అంకె లాగేసింది. చక్రం అంకెకే అంత బలం ఉంటే, మిర్చి ధరే అయిన జెండా పాటకు ఎంత బలం ఉంటుందో చూసుకోండి.

కాబట్టి బండి కదలక ముందే మీ కాయకు మీరే ధర కట్టండి. ఒక్క అంకె కాదు, కింద ఎంత, పైన ఎంత అని రెండు రాయండి. దానికి ఆధారాలు: నిన్నటి మోడల్ ధర, మీరో మీ ఊరివాళ్లో ఈ వారం అమ్మిన తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు), మీ కాయ రంగు, తేమ, తాలు (రంగు పోయిన నాసి కాయ) శాతం. తాలు మీరు చూడకండి. మీ కాయ మీకు ఎప్పుడూ ఎర్రగానే కనిపిస్తుంది. ఈ ఏడాది మిర్చి వేయని చుట్టాన్నో, వేరే ఊరి మిత్రుణ్నో పిలిచి మూడు బస్తాల నడిమి నుంచి కాయ తీయించి చూపించండి.

దింపుడు కళ్లం ఆశను గుర్తుపట్టే ప్రశ్న

జనవరిలో 16,000 విన్నారు. మార్చిలో మీరు పోయేసరికి 14,000. ఈ 14,000 మీకు ఆదాయంలా అనిపించదు, పోయిన రెండు వేల లాగ అనిపిస్తుంది. ఆ రెండు వేలు మీ జేబులోకి ఎన్నడూ రాలేదు. అయినా పోగొట్టుకున్నట్టే గుండె పిండుతుంది. నష్టం అనిపించినది లాభం కంటే బరువుగా తూగుతుందని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో సిద్ధాంతంగా రాశారు. 1992లో వాళ్లు కట్టిన అంచనాలో ఆ బరువు 2.25 రెట్లు. ఆ బరువుకు తట్టుకోలేక మనిషి ఎక్కువ ప్రమాదానికి ఒప్పుకుంటాడు: 'మళ్లీ పదహారు అయితేనే ఇస్త.' ధర పడే కొద్దీ పట్టు బిగుస్తుంది.

ఇది చదువు లేకపోవడం వల్ల వచ్చేది అనుకోకండి. అమెరికాలో టెరెన్స్ ఓడీన్ 1998లో 10,000 షేర్ ఖాతాలు పరిశీలిస్తే, లాభంలో ఉన్నవాటిని తొందరగా అమ్మి నష్టంలో ఉన్నవాటిని పట్టుకుని కూర్చోవడమే కనిపించింది. వాళ్లు లాభానికి అమ్మేసిన షేర్లు ఆ తర్వాతి ఏడాది వాళ్లు నష్టంలో ఉంచుకున్నవాటికంటే బాగా పెరిగాయి కూడా.

దీనికి ఒక ప్రశ్న ఉంది. గట్టిగా, బయటికి వినిపించేట్టు అడగండి. 'నా దగ్గర మిర్చి లేదు. ఇరవై క్వింటాళ్ల పైసలు, రెండు లక్షల ఎనభై వేలు, చేతిలో ఉన్నాయి. అప్పు కూడా అలాగే ఉంది. ఈ పైసలతో ఇవాళ యార్డుకు పోయి 14,000కు మిర్చి కొని, కిరాయి కట్టి కోల్డ్ స్టోరేజీలో పెడతానా?' పెట్టను, అప్పు తీర్చుకుంటాను అని మీ నోటి నుంచి వస్తే, మిర్చిని ఆపడానికి మీకు కారణం లేదు. ఎందుకంటే అమ్మకుండా ఆపడం, ఇవాళ్టి ధరకు మీ మిర్చిని మీరే కొనుక్కోవడం లాంటిదే. పెడతాను, ఆ లెక్క నాకు గిట్టుతుంది అంటే ధైర్యంగా ఆగండి. ఈ ప్రశ్న మెలికను విప్పుతుంది. జనవరి ధర అందులో ఎక్కడా లేదు, గమనించారా?

ఈ ప్రశ్న అడిగాక తరచుగా లోపలి నుంచి వచ్చే ఎదురు మాట ఒకటుంది: 'క్వింటాలు పండించడానికే నాకు ఇంత పడ్డది. అంతకంటే తక్కువకు ఎట్లా ఇయ్యాలె?' ఆ బాధ న్యాయమైనదే. గిట్టుబాటు ధర కోసం కొట్లాడేటప్పుడు ఆ అంకె కావాలి, దాచిపెట్టుకోండి. కానీ అమ్మాలా ఆగాలా అనే లెక్కలో దానికి చోటు లేదు. పెట్టుబడి అయిపోయింది. ఇవాళ అమ్మినా, సెప్టెంబర్‌లో అమ్మినా అది మారదు. రెండు దారుల్లోనూ ఒకేలా ఉండే అంకె ఏ దారి మంచిదో చెప్పలేదు. కట్టేసిన కోల్డ్ స్టోరేజీ కిరాయి కూడా ఇలాంటిదే. 'కిరాయి ఎట్లాగూ కట్టినం కదా' అని ఆగస్టులో మంచి ధర వదులుకునేవాళ్లు ఎందరో.

సలహా అడిగే తీరు

నలుగురిని అడగడం మంచిదే, కానీ నలుగురినీ ఒక్క చోట కూర్చోబెట్టి అడిగితే మొదట మాట్లాడినవాళ్ల మాటే నాలుగు గొంతుల్లో వినిపిస్తుంది. విడివిడిగా అడగండి. అడిగేటప్పుడు మీ మొగ్గు బయటపెట్టకండి. 'పెడదామనుకుంటున్న, ఏమంటవ్ అన్నా?' అంటే 'పెట్టు' అనే వస్తుంది. 'ఆరు నెలల తర్వాత ధర ఎంతుంటదనుకుంటున్నవ్? కింద ఎంత, పైన ఎంత?' అని అడగండి. అంకెలు రాసుకోండి. ప్రతి పేరు పక్కన ఇంకో గడి గీసి, మీరు ఆగితే ఆయనకు ఏమొస్తుంది, అమ్మితే ఏమొస్తుంది అని రాయండి. అడ్తి ఆయన, అంటే యార్డులో మీ సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు, మంచివాడే కావచ్చు. ఆయన దగ్గరే మీకు అప్పు ఉంటే ఆయన సలహా మీద ఆ అప్పు నీడ ఉంటుంది. చెప్పే ఆయనకు కూడా ఆ నీడ కనిపించకపోవచ్చు.

సెప్టెంబర్ వచ్చేసింది అనుకుని

ఆగుదామని మొగ్గితే ఈ మెట్టు తప్పనిసరి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇంట్లో పెద్దలందరూ కూర్చోండి. ఒకరు ఇలా చదవాలి: 'ఇది సెప్టెంబర్ నెల. మిర్చి పెట్టినం. బాగా నష్టపోయినం. ఎందుకు?' 'నష్టపోతే' అనకూడదు. నష్టపోయాం అని తేల్చి చెప్పాలి. జరగొచ్చు అంటే మనసు కొట్టిపారేస్తుంది, జరిగిపోయింది అంటే కారణాలు వెతుకుతుంది. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఎవరి కాగితం మీద వాళ్లు రాయాలి. రాయడం రానివాళ్లు చెవిలో చెబితే పిల్లలు రాస్తారు. తర్వాతే చదవాలి.

ఆడవాళ్లను ఇందులో తప్పకుండా కూర్చోబెట్టండి. ఏరుడుకు కూలీలను పిలిచింది, వాళ్ల కూలి ఇంకా ఎంత బాకీ ఉందో తెలిసింది, జూన్‌లో పిల్లల ఫీజు, సంఘం కిస్తు ఎప్పుడు పడతాయో చూసుకునేది చాలా ఇళ్లలో వాళ్లే. 'జూన్‌లో విత్తనాలకు పైసలు లేక ధర తక్కువున్నప్పుడే అమ్ముకున్నం' అనే కారణం చాలా ఇళ్లలో వాళ్ల కాగితం మీదే ఉంటుంది. ఆగే లెక్క ఎక్కువగా చెడిపోయేది కూడా ఇక్కడే: ధర రాకముందే అవసరం వస్తుంది.

మూడు వాటాలు, మూడు తేదీలు

ఇప్పుడు నిర్ణయం రాయండి. చాలా ఇళ్లకు ముక్కలు చేసి అమ్మడం నప్పుతుంది, ఎందుకంటే అందులో పశ్చాత్తాపం చిన్నదవుతుంది, మిత్తి ఆగుతుంది. ఇరవై క్వింటాళ్లయితే ఒక నమూనా ఇది. రెండు రూపాయల మిత్తి అప్పు తీరేంత, ఉదాహరణకు పది క్వింటాళ్లు, ఇప్పుడే. ఆరు క్వింటాళ్లు గీటు ధర దాటిన రోజు. నాలుగు క్వింటాళ్లు మీరు రాసుకున్న పై ధరకు. ఆ రెండు ధరలూ రాకపోతే ఒక ఆఖరి తేదీ: ఆ రోజు ధర ఎంతున్నా అమ్మేయాలి. ఆ తేదీని కొత్త పంట యార్డుకు రావడానికి చాలా ముందే పెట్టుకోండి. కొత్త కాయ వచ్చాక ఏసీ కాయను అడిగేవాళ్లు తగ్గుతారు. పెద్ద అప్పు తీరాక మిగిలిన వాటాకు గీటు ధర మళ్లీ లెక్క కట్టండి, అది కిందికి దిగుతుంది.

కాగితం మీద తేదీ వేసి, ఇద్దరు సంతకాలు పెట్టి, ఫోటో తీసి ఇంటి వాట్సాప్‌లో పెట్టండి. మార్చాలనిపిస్తే మార్చొచ్చు, కానీ ఒక షరతు మీద: మారిన కారణం రాసి, ఒక రాత్రి గడిచాక. గీటు ధర దాటిన రోజు 'ఇంకో వెయ్యి పెరుగుతదంట' అని ఫోన్లు వస్తాయి. ఆ కాగితం ఆ రోజు కోసమే.

ఆఖరి పేజీ

అమ్మిన రోజు లెక్క మూసేయకండి. మార్చిలో మీరు రాసిన అంచనా, నూటికి ఎంత అనుకున్నారు, ఎందుకు, ఆ పక్కనే అసలు జరిగింది రాయండి. రాయకపోతే మీ జ్ఞాపకం మీకే అబద్ధం చెబుతుంది. బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త 1975లో, 1814 నాటి ఆంగ్లేయులు, గూర్ఖాల పోరు గురించి కొందరికి చదివించారు. ఒక్కో గుంపుకు ఒక్కో ముగింపు చెప్పారు. ఏ ముగింపు విన్నవాళ్లు ఆ ముగింపే మొదటి నుంచీ ఎక్కువగా జరిగేట్టు ఉందన్నారు. ధర పడ్డాక 'నేను అప్పుడే చెప్పిన' అనే మాట ప్రతి ఇంట్లో వినిపించేది ఇందుకే. ఆ మాట మీద మొగుడూ పెళ్లాలకు, అన్నదమ్ములకు గొడవలు అవుతాయి.

రాసేటప్పుడు రెండు గడులు వేరుగా పెట్టండి: లెక్క సరిగా చేశామా, ఫలితం బాగా వచ్చిందా. లెక్క బాగున్నా ధర పడొచ్చు. గుడ్డిగా పెట్టినా ధర పెరగొచ్చు. మొదటి గడిలో తప్పు దొరికితేనే వచ్చే ఏడాది పద్ధతి మార్చండి. గీటు ధరలో తరుగు తక్కువ వేశామా, తాలు శాతం తప్పు చూశామా, పై ధర మరీ ఎత్తులో పెట్టామా అని ఒక్కొక్కటే చూడండి. సెప్టెంబర్ ధరను ఏడేళ్ల పట్టికలో ఎనిమిదో వరుసగా చేర్చి, నోటుబుక్కును విత్తనాల రసీదులున్న సంచిలోనే పెట్టండి. వచ్చే ఏడాది ఏరుడు మొదలైనప్పుడు అక్కడే దొరుకుతుంది.